రాగిని పట్టే జంపఖానా: ఆరు నెలల ప్రాజెక్టు డైరీ

జూన్ 22

వరంగల్ కొత్తవాడలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఇత్తడి, రాగి సామాను తోమి కళాయి వేసే దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. బిందెలు, గుండిగలు తేజాబులో (యాసిడ్‌లో) ముంచి తీస్తారు, రెండు బకెట్ల నీళ్లలో జాడిస్తారు, ఆ నీళ్లు మోరీలో పోస్తారు. మోరీ గోడకు ఎప్పుడూ నెమలికంఠం రంగు పూత పట్టి ఉంటుంది. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చూసినవాళ్లకు ఆ రంగేమిటో చెప్పక్కర్లేదు. అది కరిగిన రాగి.

ఇవాళ దుకాణం పెద్దాయనే పిలిచి అడిగాడు. "బిడ్డా, నువ్వు కాలేజీల కెమిస్ట్రీ చెప్తవు గదా. ఈ నీళ్లకు ఏదన్న ఉపాయం చెప్పు. మా మనవడు గా మోరీ కాడనే ఆడతడు." పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఇంత సూటిగా నన్నెవరూ పని అడగలేదు. రాత్రి నిద్ర పట్టలేదు.

పెద్ద ఫ్యాక్టరీలయితే అయాన్ ఎక్స్‌ఛేంజ్ రెజిన్ వాడతాయి. నీళ్లలో కరిగిన లోహాన్ని పట్టుకునే చిన్న చిన్న పూసలవి, వాటికి ఒక కాలమ్, పంపు, చూసుకునే మనిషి కావాలి. దుకాణంలో ఇవేవీ కుదరవు. అదే పని గుడ్డ చేస్తే? గుడ్డను ముంచొచ్చు, తీయొచ్చు, పిండొచ్చు. వాడకం ఎవరికీ నేర్పక్కర్లేదు. సింథటిక్ దారాల పైపొరను రసాయనికంగా మార్చి లోహాలు పట్టేలా చేయడం కొత్త సంగతి కాదు. మన వీధిలో, మన నీళ్లతో అది నిలుస్తుందా అన్నదే చూడాలి. మా మూడో ఏడు బీఎస్సీ పిల్లలు ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, తోడు వస్తామన్నారు.

జూన్ 29

దారం ఎంచుకున్నాం. అక్రిలిక్. స్వెటర్లు, తలుపు తోరణాలు అల్లడానికి "ఊలు దారం" పేరుతో దుకాణాల్లో అమ్మే ఉండల్లో చాలావరకు గొర్రె బొచ్చు ఉండదు, అక్రిలిక్కే. అక్రిలిక్ అని పిలవాలంటే దారంలో కనీసం 85 శాతం అక్రిలోనైట్రైల్ ఉండాలి. అంటే దారం పొడవునా నైట్రైల్ గుంపులు, ఒక కార్బన్‌కు మూడు బంధాలతో అతుక్కున్న నైట్రోజన్లు, వరసగా ఉంటాయి. ఉన్నవి ఉన్నట్టుగా అవి లోహాన్ని పట్టవు. కానీ వాటిని పట్టే గుంపులుగా మార్చడం తేలిక. మాకు కావలసింది ఆ తేలికే.

వరంగల్ చౌరస్తా దగ్గర నాలుగు రకాల ఉండలు కొని కాల్చి చూశాం. గొర్రె బొచ్చయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. అక్రిలిక్ నల్లటి పొగతో గబగబా మండి, నలపరాని నల్ల గడ్డ కడుతుంది. నాలుగులో మూడు అక్రిలిక్. ఈ పరీక్ష ఆరుబయట, చిమటాతో, చిన్న ముక్క మీదే చేయాలి. అక్రిలిక్ పొగలో హైడ్రోజన్ సైనైడ్ ఉంటుంది, పీల్చకూడదు. పిల్లలకు ఈ మాట రెండుసార్లు చెప్పాను.

జులై 6

మొదటి వంటకం కాస్టిక్ సోడా. 10 శాతం ద్రావణం, 80 డిగ్రీలు, రెండు గంటలు. కాసేపటికి తెల్ల దారం నారింజ రంగుకు, తర్వాత ఇటుక రంగుకు మారింది. బీకరు మీద తడి ఎర్ర లిట్మస్ పట్టుకుంటే నీలమైంది. అమ్మోనియా వస్తోందన్నమాట, నైట్రైల్ విరుగుతోందన్నమాట. అమ్మాయి సంతోషంతో ఎగిరింది. కడిగేసరికి సంతోషం పోయింది. దారం దారంలా లేదు, నానిన సబ్జా గింజల్లా జారిపోయే జిగురు ముద్ద అయింది. మార్పు పైపొర దగ్గర ఆగాలి. మేం దారం గుండె దాకా పోనిచ్చాం.

మళ్లీ చేశాం. 5 శాతం, 70 డిగ్రీలు, అరగంట. ఎరుపు తగ్గి లేత పసుపుకు వచ్చాక ఆపాం. దారం కొంచెం ఉబ్బింది, మెత్తబడింది, చేత్తో లాగితే ఇంకా నిలుస్తోంది. ఇప్పుడు దాని ఒంటినిండా లోహాన్ని పట్టే కార్బాక్సిలేట్ గుంపులు.

జులై 13

3.93 గ్రాముల మైలుతుత్తంలో ఒక గ్రాము రాగి ఉంటుంది. ఆ లెక్కన డిస్టిల్డ్ వాటర్‌లో లీటరుకు 100 మిల్లీగ్రాముల రాగి ఉండేలా ద్రావణం కలిపాం. 250 మిల్లీలీటర్లలో గ్రాము దారం వేశాం. పది నిమిషాల్లో దారానికి ఆకాశ నీలం పట్టింది. రెండు గంటల తర్వాత నీళ్లలో రాగి ఎంత మిగిలిందో కొలవడానికి అయోడిన్, థయోసల్ఫేట్ టైట్రేషన్ చేశాం. డిగ్రీ పిల్లలందరూ ప్రాక్టికల్స్‌లో చేసేదే. బ్యూరెట్ లెక్క ముందు 7.9, తర్వాత 0.9. అంటే 100 ఉన్నది 11కి వచ్చింది. పిల్లలిద్దరూ పెద్దాయనకు చెప్పొద్దామన్నారు. నాకూ చెప్పాలనే ఉంది. ఆగమన్నాను.

జులై 20

ఆగడం మంచిదైంది. ఈసారి కాలేజీ బోరు నీళ్లతో కలిపి అదే పరీక్ష చేస్తే ఫలితం ఇంకా బాగా వచ్చింది, 100 నుంచి 4కి. ఉప్పదనం ఉన్న నీళ్లలో ఎక్కువ పట్టడమేమిటని అనుమానం వచ్చి, దారం వేయకుండా ఒక బీకరు పక్కన పెట్టాం. రెండు గంటలకు అందులోనూ రాగి 31కి పడిపోయింది, అడుగున లేత నీలం మడ్డి. బోరు నీళ్ల బైకార్బనేట్లకు రాగి తనంతట తానే అవక్షేపం అవుతోంది. ఆ మడ్డి దారానికి చిక్కుకుంటే దారమే పట్టిందని మేం సంబరపడ్డాం.

ఇక నుంచి ప్రతి పరీక్షకూ దారం లేని బీకరు పక్కన ఉండాల్సిందే. ఈ నియమం ల్యాబ్ గోడ మీద రాసి అంటించాం.

నీళ్ల పులుపును చెప్పే పీహెచ్‌ను (7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) 5 దగ్గర నిలిపి, మడ్డి కట్టకుండా చూసి మళ్లీ చేశాం. అప్పుడు బయటపడింది నిజం: 100 నుంచి 58కి మాత్రమే. మా బోరు నీళ్ల కాఠిన్యం ఈడీటీఏ టైట్రేషన్‌తో కొలిస్తే లీటరుకు 420 మిల్లీగ్రాములు. ఆ కాల్షియం, మెగ్నీషియం కూడా రెండు ఆవేశాల అయాన్లే. కార్బాక్సిలేట్‌కు రాగి మీద కొంత ఇష్టం ఎక్కువే గానీ, గుంపుగా వచ్చిన కాల్షియాన్ని గడప దగ్గర ఆపేంత కాదు. వరంగల్ నీళ్లతో పనిచేసేవాళ్లు ఎవరైనా సరే డిస్టిల్డ్ వాటర్ అంకెలు నమ్మొద్దు.

ఆగస్టు 10

మూడు వారాలు చదవడానికే సరిపోయింది. కాల్షియాన్ని పట్టించుకోకుండా రాగిని ఎంచుకునే గుంపు కావాలి. దారి సముద్రంలో దొరికింది. వెయ్యి లీటర్ల సముద్రపు నీటిలో యురేనియం సుమారు 3 మిల్లీగ్రాములే ఉంటుంది, దాని చుట్టూ కాల్షియం, మెగ్నీషియం లెక్కలేనంత. అయినా జపాన్ శాస్త్రజ్ఞులు 1999 నుంచి 2001 దాకా పాలిథిలీన్ నాన్‌వోవెన్ (నేయకుండా చేసిన) గుడ్డకు అమిడాక్సిమ్ అనే గుంపు తొడిగి, ముత్సు తీరాన సముద్రంలో ముంచి, కిలో దాకా యురేనియం పోగుచేశారు. ఆ గుంపు మన అక్రిలిక్ నైట్రైల్ మీద నేరుగా కట్టొచ్చు. అలా కట్టిన అమిడాక్సిమ్ గుంపుకు రాగి అంటే చాలా ఇష్టం.

ఆ మార్పుకు కావలసిన హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్ మా ఆర్గానిక్ ల్యాబ్‌లో ఉంది. 5 శాతం ద్రావణాన్ని సోడియం కార్బనేట్‌తో కొంచెం కొంచెంగా, నురగ పొంగకుండా, పీహెచ్ 6, 7 మధ్యకు తెచ్చి, 70 డిగ్రీల నీటితొట్టిలో రెండు గంటలు దారాన్ని ఉంచాం. ఇది ఇంట్లో చేసే పని కాదని గట్టిగా చెబుతున్నాను. హైడ్రాక్సిలమీన్ విషం, వేడెక్కి చిక్కబడితే పేలే గుణం ఉన్నది. ఫ్యూమ్ కబోర్డు, గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా తాకకూడదు. వేడి పెరగకుండా థర్మామీటర్ దగ్గర నేనే కూర్చున్నాను. ఆ రెండు గంటల టెన్షన్ అంతా ఇంతా కాదు.

దారం లేత పసుపైంది. జిగురు కాలేదు, బలం పెద్దగా తగ్గలేదు. బోరు నీళ్లు, పీహెచ్ 5, రాగి 100. రెండు గంటల తర్వాత 22. దారం రంగు ఈసారి నీలం కాదు, పచ్చిమామిడి తొక్క రంగు. పక్కన దారం లేని బీకరు 98 దగ్గరే ఉంది. ఆ రెండో అంకె చూశాకే నవ్వాను.

ఆగస్టు 24

విడి దారం నీళ్లలో చిక్కు పడుతోంది, పైన మాత్రమే రంగు పడుతోంది, ముద్ద లోపల తెల్లగా మిగిలిపోతోంది. నీళ్లు ప్రతి పోగుకూ తగలాలి. ఇంట్లో ఈ మాట అంటుంటే నాయిన విన్నాడు. నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి. ఉండ చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు.

"దీన్ని పేక కింద వేస్తే సరి. జంపఖానాకు బలం పడుగుది, ఒళ్లు పేకది. నీకు కావల్సింది ఒళ్లే గదా."

ఈ ఒక్క మాటతో నా నెల రోజుల తలనొప్పి తీరింది. జంపఖానా నేతలో లావు పేక పడుగును పూర్తిగా కప్పేస్తుంది. నీటికి తగిలేది దాదాపు పేకే. లోహం పట్టే దారం పేకలో పెడితే, బరువు మోసేది పడుగు మోస్తుంది. నూలు పడుగు మీద అక్రిలిక్ పేకతో మూర పొడవు పట్టీ నేశాడు. ఎప్పుడూ కొట్టేంత గట్టిగా అచ్చు కొట్టొద్దని, నీళ్లు దూరే సందు ఉండాలని అడిగాను. "వదులుగ నేసుడు నా చేతికి రాదు బిడ్డా" అన్నాడు గానీ మూడోసారికి వచ్చింది. పట్టీ నేశాకే రసాయనంలో వేశాం.

సెప్టెంబర్ 7

పట్టీ బాగా పనిచేసింది. పట్టిన రాగిని వదిలించడానికి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి, కడిగి, ఆరబెట్టి మళ్లీ వాడాం. మూడో ఆరబెట్టుడుకు నూలు పడుగు పటపట తెగింది. తప్పు నాది. నూలు క్షారాన్ని ఓర్చుకుంటుంది, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది కూడా. యాసిడ్ దాని శత్రువు. పూర్తిగా కడగకుండా ఆరబెడితే నీరు ఆవిరై యాసిడ్ చిక్కబడి సెల్యులోజ్ గొలుసులను కోసేస్తుంది.

పాలిస్టర్ పడుగు అనుకున్నాం. యాసిడ్‌కు పర్వాలేదు, కానీ మధ్య మధ్య వేడి సోడాతో కడగాలనుకుంటే అది అరుగుతుంది. చివరికి పాలీప్రొపిలీన్. యాసిడ్, సోడా రెండూ దాన్ని ఏమీ చేయవు. ఎనుమాముల మార్కెట్ దగ్గర సంచులు కుట్టే దారాలు అమ్మేచోట మూడు రకాలు తెచ్చి నీళ్లగ్లాసులో వేశాం. మునిగినవి పాలిస్టర్, నూలు. తేలింది పాలీప్రొపిలీన్, ఆ మూడింటిలో నీటికన్నా తేలికైన దారం అదొక్కటే. నాయినకు అది నచ్చలేదు. జారుతుంది, ముడి నిలవదు, తెగితే అతకడం కష్టం. ముడి కొసను అగరుబత్తితో కరిగించి అంటించే ఉపాయం ఆయనదే.

అక్టోబర్ 12

బతుకమ్మ, దసరా సెలవులతో పని ఆగింది. ఇవాళ మొదటిసారి దుకాణం నీళ్లు తెచ్చాం. ముందు పెద్దాయనను ఒకటే అడిగాను: సైనైడ్ ఉన్న పూత పని ఏదైనా చేస్తారా అని. లేదన్నాడు, వాడే డబ్బాలన్నీ చూపించాడు. ఎలక్ట్రోప్లేటింగ్ దుకాణం నీళ్లతో ఇలాంటి ప్రయోగం చేద్దామనుకునేవాళ్లు ఈ ప్రశ్న అడగకుండా ముందుకు పోవద్దు. సైనైడ్ ఉన్న నీళ్లకు యాసిడ్ తగిలితే ప్రాణం తీసే వాయువు వస్తుంది. క్రోమియం పూత నీళ్లకయితే ఈ గుడ్డ సరిపోదు. అక్కడి క్రోమేట్ ఋణావేశం ఉన్నది, దానికి వేరే రకం గుంపులు కావాలి.

పీహెచ్ 2.2. రాగి 140, జింకు 60 దగ్గర. ఇత్తడి అంటే ఈ రెండే కదా.

అబ్బాయి అడిగాడు: "మేడం, సున్నం వేస్తే రాగి అడుక్కి పోతది కదా, గుడ్డ ఎందుకు?" ఈ ప్రశ్న ఎవరైనా ముందే అడగాల్సింది. సున్నం చవక, పని జరుగుతుంది, 140 మిల్లీగ్రాములనూ గుడ్డతో పట్టాలనుకోవడం గుడ్డను వృథా చేయడమే. అందుకని సున్నపు తేటతో పీహెచ్ 9కి తెచ్చి రాత్రంతా ఉంచాం.

అక్టోబర్ 13

పొద్దున చూస్తే అడుగున మడ్డి బాగానే దిగింది. కానీ పైన తేట నీళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి, ముందటి కన్నా ముదురు నీలం. ఏం జరిగిందో పది నిమిషాలు అర్థం కాలేదు. మూత తీసినప్పుడు వచ్చిన ఘాటు వాసన గుర్తొచ్చింది. నవాసారం! కళాయి వేసేటప్పుడు వేడెక్కిన గిన్నెకు రాసే తెల్ల పొడి, అమ్మోనియం క్లోరైడ్. అది జాడింపు నీళ్లలో కలుస్తోంది, సున్నం తగలగానే అమ్మోనియా విడుదలవుతోంది, అమ్మోనియా రాగిని నాలుగు వైపులా పట్టుకుని అడుక్కి పోనివ్వడం లేదు. ప్లస్ టూ పుస్తకంలో ముదురు నీలం కాంప్లెక్స్ అని చదివేది ఇదే, మా వీధి బకెట్‌లో.

తేటలో రాగి 18. పారిశ్రామిక వ్యర్థ జలాలకు మన దేశంలో ఉన్న పరిమితి, చెరువులు, నదుల్లోకి వదలాలంటే, లీటరుకు రాగి 3, జింకు 5 మిల్లీగ్రాములు. ఆరు రెట్లు ఎక్కువ. అమ్మోనియా ఉన్నంతవరకు సున్నంతో ఇది తేలిగ్గా దిగదు.

మధ్యాహ్నం తేటను వేరే బకెట్‌లోకి వంచి, పలచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ 6కి తెచ్చాం. అమ్మోనియా ప్రోటాన్‌ను తీసుకుని అమ్మోనియంగా మారి రాగిని వదిలేస్తుంది. నీలం మాయమైంది. పట్టీ వేశాం. రెండు గంటలకు పట్టీ పచ్చబడింది. ఇంత తక్కువ రాగికి టైట్రేషన్ పనికిరాదు, రాగితో గోధుమ రంగు ఇచ్చే డైథయోకార్బమేట్ వేసి, ఆ రంగు ఎంత ముదురో కలరీమీటర్‌లో చదివాం. 0.8. పట్టీ లేని బకెట్‌లో 17. గుడ్డ అవసరం ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది: సున్నం చేతులెత్తేసిన చోట.

జింకు 14 నుంచి 9కి వచ్చి ఆగింది. పరిమితి 5. ఇది తేలలేదు.

నవంబర్ 2

గుడ్డ లోహాన్ని మాయం చేయదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తుంది. యాసిడ్‌లో వదిలించాక వచ్చే ఆకుపచ్చ నీళ్లను మోరీలో పోస్తే ఇంత పనీ దండగ. అందులో తుప్పు వదిలించిన ఇనుప మేకులు వేశాం. మరుసటి రోజుకి మేకుల మీద ఎర్రటి రాగి పొర, దులిపితే పొడిగా రాలింది. రాగి స్థానంలో ఇనుము కరిగింది, దానికి సున్నం చాలు. మడ్డి మాత్రం మూత ఉన్న డ్రమ్ములో దాస్తున్నాం. చెత్తబండిలో వేయకూడదు, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి. ఆ ఏర్పాటు కోసం తిరుగుతున్నాను.

ఐదోసారి వాడేసరికి పట్టీ మొదటి రోజు పట్టినదాంట్లో ముప్పావు వంతే పట్టింది. యాసిడ్ తగిలినప్పుడల్లా కొన్ని అమిడాక్సిమ్ గుంపులు విరుగుతాయి. యాసిడ్ పలచన చేసి, ముంచే సమయం పావుగంటకు తగ్గించాం.

ఇంకొకటి అమ్మాయి కనిపెట్టింది. వాడిన నీళ్లను ఫిల్టర్ పేపర్ మీద పోస్తే సన్నటి పచ్చ నూగు మిగిలింది. రాగిని ఆపబోయి ప్లాస్టిక్ పోగులు వదలడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. బయటికి పోయే గొట్టానికి దళసరి బట్ట రెండు మడతలు కట్టాం, దాన్ని వారానికోసారి విప్పి చూస్తున్నాం.

నవంబర్ 23

దుకాణం వెనక రెండు డ్రమ్ములు పెట్టాం. మొదటిది సున్నానికి. రెండోదానిలో 300 గ్రాముల పేక ఉన్న ఆరు పట్టీలు తలుపు తెరల్లా వేలాడుతున్నాయి. రోజుకు 20 లీటర్ల జాడింపు నీళ్లు, లీటరుకు 18 అంటే 360 మిల్లీగ్రాముల రాగి. గ్రాముకు 20 మిల్లీగ్రాములు పడతాయనుకుంటే పదహారు రోజులు నడవాలి. తక్కువ గాఢతలో అంత పట్టదు కాబట్టి వారానికోసారి కడుగుతున్నాం.

పీహెచ్ పేపర్ చూసి యాసిడ్ చుక్కలు వేయడం పెద్దాయన రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. నవాసారం గిన్నె మీద రాసేటప్పుడు మిగిలింది బకెట్‌లో పడకుండా విడిగా డబ్బాలో దులుపుతున్నాడు. ఇది నేను చెప్పింది కాదు. దాంతో ఈ వారం సున్నం తర్వాతి తేటలో రాగి 18 నుంచి 7కి తగ్గింది, జింకు 6కి వచ్చింది.

ఒక దిగులు మిగిలి ఉంది. చవక తగరంలో సీసం కలిసి ఉండొచ్చు. తాగే నీటిలో సీసానికి పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములే, మా కలరీమీటర్ అంత దూరం చూడలేదు. డ్రమ్ముకు ముందు, తర్వాత నీళ్లు, కళాయి తగరం ముక్క, మూడూ అతి తక్కువ లోహాన్నీ కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రం ఉన్న ల్యాబ్‌కు నిన్న పంపాను. పట్టీ సీసాన్ని కూడా పడుతుందనే అనుకుంటున్నాను, అంకె వచ్చేదాకా పెద్దాయనకు ఆ మాట చెప్పను. ఈలోగా అన్నం వండే గిన్నెలకు వేరే తగరం తెప్పించమన్నాను.

నాయిన రెండో పడుగు మగ్గానికి ఎక్కించాడు. ఈసారి పన్నెండు పట్టీలు.